ప్రొద్దుతిరుగుడు గింజ: చరిత్ర, ఆహారపు విలువ

కృష్ణా జిల్లాలో కాలువ నీరు పారు డెల్టా భూములకును, వాన చినుకును నమ్ముకొన్న మెట్ట భూములకును పూర్వమునుండి పంటలోనే గాక తిండిలోను భేదముండెను. బందరు, గుడివాడ ప్రాంతములవారు వరియన్నము తినుచున్న కాలములో నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు ప్రాంతములలోని సామాన్య కుటుంబములు జొన్నన్నముతోను, జొన్న సంకటితోను, జొన్న రొట్టెలతోను కాలము గడపినవి. మునేరు, పాలేరు ఈ భూములగుండ ప్రవహించి కృష్ణలో గలియుచున్నవి. నాగార్జునసాగరు ఎడమ కాలువ వచ్చిన తరువాత కొన్ని గ్రామములకు నీరు లభించినను, ప్రత్తి, మిరప, కంది, పెసర మొదలగు పైరులే నేటికిని ఇచటి నల్లరేగడి నేలలకు గుర్తులు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది.

మెట్ట రైతు నూనె కొరకు నువ్వులు, వేరుసెనగ వేసెడివాడు. దీపమునకును వైద్యమునకును ఆముదము ఉండెను. రబీ జొన్నచేలలో అక్కడక్కడ కుసుమలు చల్లుట కూడ తెలుగునాట నల్లరేగడి నేలలలో పాత అలవాటే. ఈ వరుసలో ప్రొద్దుతిరుగుడు లేదు. పెరటిలోనో, బడి ఆవరణలోనో పూలమొక్కగా అది కనిపించెడిది. పిల్లలు దాని ముఖము సూర్యుని వైపు తిరుగుటను చూచి ఆనందించెడివారు. అంతకు మించి ఆ మొక్కతో ఎవరికిని పని లేకుండెను. అట్టి మొక్క ఏబదియేండ్ల లోపుగనే తెలుగువారి వంటింటిలో ప్రధానమైన నూనెను ఇచ్చునదిగా మారుట, ఐనను దాని గింజ మాత్రము తెలుగువారి విస్తరిలోనికి రాకపోవుట గమనింపదగిన సంగతి.

ముందుగ మొక్క పుట్టుకను గూర్చి కొంచెము చెప్పవలెను. ఇది మన దేశపు మొక్క కాదు. ప్రాచీన శిల్పములలో కనిపించు గుండ్రని పెద్ద పూవును చూచి ఇది ప్రొద్దుతిరుగుడే యని కొందరు చెప్పుట కలదు. అది తామరపూవు. సంస్కృత నిఘంటువులలోని ‘ఆదిత్యభక్త’ అను పేరును కూడ కొందరు దీనికి అంటగట్టిరి. ఆ పేరు కుక్కవామింటకు చెల్లును. ప్రొద్దుతిరుగుడు ఉత్తర అమెరికాకు చెందినది. ఆ ఖండపు తూర్పు భాగములలో నివసించిన ఆదిమ జాతులవారు నాలుగువేల సంవత్సరములకు పూర్వమే దానిని సాగుచేసిరని టెనెసీ రాష్ట్రములో త్రవ్వకములలో దొరకిన గింజల వలన తెలియుచున్నది. వారు గింజను దంచి పిండి చేసి రొట్టెలు కాల్చుకొనిరి, నూనె తీసిరి, పై పొట్టునుండి రంగులు చేసికొనిరి. అనగా మొదట దీనిని పండించినవారికి ఇది ఆహారధాన్యమే.

ఐతే తెలుగుదేశమునకు దీని బంధువులు రెండు ముందే తెలియును. పైన చెప్పిన కుసుమ ఒకటి. విశాఖ మన్యములో అరకు ప్రాంతపు కొండవాలులను చలికాలమున పసుపుపచ్చగా మార్చు వలిసె రెండవది. మూడును చేమంతి కుటుంబమునకు చెందినవి. ఈ కుటుంబములో మనము ఒక పూవుగా చూచునది నిజమునకు వందలకొలది చిన్న పూల సముదాయము. ప్రొద్దుతిరుగుడు తలలో అంచున నుండు పసుపు రేకులు గింజ కట్టవు. నడుమనున్న గొట్టపు పూలే ఒక్కొక్కటి ఒక్కొక్క గింజగా మారును. వృక్షశాస్త్రరీత్యా అది గింజయు గాదు, ఎండిన చిన్న ఫలము. పైనున్న నల్లని పెంకు ఫలకవచము, లోపలి తెల్లని పప్పు అసలు విత్తనము. ఇక సూర్యునివైపు తిరుగుట: లేత మొగ్గ మాత్రమే ఉదయమునుండి సాయంకాలము వరకు తూర్పునుండి పడమటికి తిరిగి, రాత్రిలో మరల తూర్పునకు వచ్చును. పూవు పూర్తిగా విచ్చిన తరువాత తూర్పు ముఖముగా నిలిచిపోవును. ఉదయపు ఎండకు త్వరగా వేడెక్కిన పూలకు తేనెటీగలు ఎక్కువగ వచ్చునని 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రయోగములతో చూపిరి.

పదునారవ శతాబ్దమున స్పెయిను దేశీయులు ఈ మొక్కను ఐరోపాకు తెచ్చిరి. అచట అది రెండు శతాబ్దములకు పైగా తోటల అలంకారముగనే యుండెను. 1716లో ఇంగ్లండులో ఒకరు దీని గింజనుండి నూనె తీయుటకు పేటెంటు పొందినను, ఆ నూనె తోళ్ళకు, ఉన్నికి ఉద్దేశింపబడినది. దీనిని వంటనూనెగా లోకమునకు ఇచ్చిన ఘనత రష్యాది. ఆ దేశములోని క్రైస్తవ సంప్రదాయము ప్రకారము సంవత్సరములో చాల దినములు వెన్న, పందిక్రొవ్వు వంటి జంతు సంబంధమైన క్రొవ్వులు నిషిద్ధములు. కార్తిక మాసమందు నీచు ముట్టని తెలుగు గృహమువంటిదే ఆ నియమము. ఆ దినములలో చెట్టునుండి వచ్చు నూనె కావలెను. చలిదేశమున ఆలివు పండదు. ఈ స్థితిలో 1829లో వొరోనెజ్ పరిగణాలోని అలెక్సియేవ్కా గ్రామమునకు చెందిన దానీల్ బొకరియోవ్ అను దాసవృత్తి రైతు చేతిమరతో ప్రొద్దుతిరుగుడు నూనె తీసి చూపెను. కొలది సంవత్సరములలోనే అచట నూనె మిల్లులు వెలసినవి. రష్యనులు నూనెతో తృప్తిపడలేదు. వేయించిన గింజలను జేబులలో పోసికొని, పండ్లతో పెంకు చిట్లించి పప్పు తినుట వారికి మన శనగలు, బఠానీల వంటి కాలక్షేపమయ్యెను.

ఇరువదవ శతాబ్దమున క్రాస్నదార్ పరిశోధన కేంద్రములో వసీలీ పుస్తొవోయిత్ అను శాస్త్రజ్ఞుడు దశాబ్దములపాటు మంచి మొక్కలను ఎన్నిక చేయుచు, గింజలో మూడవ వంతుకు లోపుగ నున్న నూనెను సగమునకు తెచ్చెను. పెంకు పలుచనయ్యెను, పప్పు నిండెను. ఆయన రకములలో ‘పెరెదొవిక్’ ప్రపంచమంతట ప్రసిద్ధి చెందినది. భారతదేశము తరువాత తెచ్చుకొన్నదియు ఈ సోవియట్ విత్తనమునే.

ఆ విత్తనము మన దేశమునకు రాకముందు తెలుగుదేశములో పోషకాహార శాస్త్రము ఏ ప్రశ్నలతో పెనగులాడుచుండెనో తెలిసికొన్నగాని ఈ గింజ విలువ సరిగా బోధపడదు. 1918లో సర్ రాబర్ట్ మెకారిసన్ నీలగిరులలోని కూనూరులో ఒక్క గదిలో ఆరంభించిన బెరిబెరి పరిశోధన క్రమముగా పోషకాహార పరిశోధనాలయముగా పెరిగినది. 1937లో అచటి డైరెక్టరు ఎయిక్రాయిడ్ భారతీయ ఆహారపదార్థముల పోషక విలువలను పట్టికలుగా ప్రకటించెను. 1958లో ఆ సంస్థ హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందెను.

సంస్థ హైదరాబాదుకు వచ్చిన వెంటనే దాని కంటబడినది జొన్న తిను పేదలలోని పెల్లగ్రా వ్యాధి. ఎండ తగులు మెడమీద, ముంజేతులమీద, పాదములమీద చర్మము నల్లబడి పొలుసులు లేచును. విరేచనములు పట్టుకొనును. ముదిరినచో మతి చలించును. అమెరికాలోను, ఐరోపాలోను ఈ వ్యాధి మొక్కజొన్న తినువారికి వచ్చెడిది. డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అది అంటువ్యాధి కాదనియు, ఆహారలోపమనియు 1914 తరువాతి పదేండ్లలో నిరూపించెను. 1937లో ఎల్వెహ్యెమ్ నికొటినిక్ ఆమ్లము, అనగా నియాసిన్, ఆ లోపమును తీర్చునని చూపెను. శరీరము ట్రిప్టొఫేన్ అను ఎమినో ఆమ్లమునుండి కూడ నియాసిన్‌ను కొంత చేసికొనగలదు. మొక్కజొన్నలో ట్రిప్టొఫేన్ తక్కువ గనుక వ్యాధి వచ్చుట అర్థమయ్యెను. కాని జొన్నలో ట్రిప్టొఫేన్ గాని, నియాసిన్ గాని అంత తక్కువగా లేవు. మరి వ్యాధి ఎందులకు వచ్చుచున్నది?

1960లో కొలత్తూర్ గోపాలన్, శ్రీకంఠయ్య అను ఇరువురు శాస్త్రజ్ఞులు లాన్సెట్ పత్రికలో దీనికొక సమాధానము చెప్పిరి. జొన్నలో ల్యూసిన్ అను మరియొక ఎమినో ఆమ్లము మితిమీరి యున్నదనియు, అది శరీరములో నియాసిన్ తయారగు మార్గమును చెరచుచున్నదనియు వారి వాదము. ఆ తరువాత దీనిపై చాల చర్చ జరిగినది. ట్రిప్టొఫేన్ నియాసిన్‌గా మారుటకు బి6 విటమిను కావలెను గనుక దాని పాత్రను కూడ పరీక్షించిరి. ల్యూసిన్ ఒక్కటియే కారణమనుటను అందరు అంగీకరింపలేదు. ఒక్క విషయములో మాత్రము భేదాభిప్రాయము లేదు. జొన్న తప్ప వేరేమియు దొరకని వానికే ఈ వ్యాధి వచ్చినది. జొన్నతోబాటు పప్పు, పాలు, గింజలు, ఆకుకూరలు తిన్న ఇంటిలో జొన్న నిరపాయకరమైన బలమైన ఆహారమే. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము పథకమును ప్రవేశపెట్టిన తరువాత మెట్ట పల్లెలలో కూడ జొన్న వెనుకకు పోయి, వరియన్నము ముందునకు వచ్చెను. జొన్నతోబాటు పెల్లగ్రాయు తగ్గెను.

ఇచట ప్రొద్దుతిరుగుడు ప్రసక్తి ఏమని పాఠకులు అడుగవచ్చును. నూరు గ్రాముల ప్రొద్దుతిరుగుడు పప్పులో సుమారు 8 మిల్లీగ్రాముల నియాసిన్, 1.3 మిల్లీగ్రాముల బి6, చాలినంత ట్రిప్టొఫేన్ కలవు. జొన్న తినువానికి లోపించిన వస్తువులన్నియు ఒక్క గింజలో చేరియున్నవన్నమాట. ఆ గింజ వలననే పెల్లగ్రా పోయినదని చెప్పుట చరిత్రకు విరుద్ధము. జొన్నతిండి యున్న కాలములో ఈ గింజ లేదు. గింజ వచ్చినప్పుడు అది జొన్నరొట్టె ప్రక్కకు పోక నూనె మిల్లునకు పోయెను.

1969లో సోవియట్ యూనియన్ నుండి నాలుగు రకముల విత్తనము భారతదేశమునకు వచ్చెను. అప్పటికి దేశములో వంటనూనెల కొరత తీవ్రముగ నుండెను. వేరుసెనగ వానలపై ఆధారపడియుండుటచే ఒక యేడు పండి ఒక యేడు పోవుచుండెను. మూడు నెలలలో, మూడున్నర నెలలలో కోతకు వచ్చి, ఖరీఫులోను రబీలోను పండగల క్రొత్త నూనెగింజ ప్రభుత్వములకు వరముగా తోచెను. 1972 ప్రాంతమునుండి రైతులు దీనిని వేయసాగిరి. కర్ణాటక, మహారాష్ట్రలతోబాటు ఆంధ్రప్రదేశ్ ఈ సాగులో ముందు నిలిచినది. కర్నూలు, అనంతపురము జిల్లాలు ప్రధాన స్థానములు. 1977లో హైదరాబాదు చెంత రాజేంద్రనగరములో నూనెగింజల పరిశోధన డైరెక్టరేటు ఏర్పడినది. అదియే నేటి భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ. మెట్ట కృష్ణకు జగ్గయ్యపేట చెంత గరికపాడులో వ్యవసాయ పరిశోధన స్థానమును, కృషి విజ్ఞాన కేంద్రమును కలవు.

మొదటి సంవత్సరములలో రైతుకు ఎదురైన చిక్కు తాలుగింజలు. తల ఎంతో పెద్దది, చూచుటకు నిండుగ నుండును. కొట్టి చూచినచో నడుమ భాగమంతయు పెంకులే గాని పప్పు లేదు. దీనికి కారణము పరపరాగ సంపర్కము. సోవియట్ రకములలో ఒక పూవు పుప్పొడి అదే మొక్కపై గింజ కట్టించుట అరుదు. తేనెటీగ ఒక మొక్కనుండి మరియొక మొక్కకు పుప్పొడి మోయవలెను. పురుగుమందుల చల్లకము ఎక్కువైన చోట ఈగలు ఎక్కడివి? అందుచే వ్యవసాయ శాఖవారు క్రొత్త ఉపాయము చెప్పిరి. పూవు విచ్చిన దినములలో ప్రొద్దున ఎనిమిది మొదలు పదకొండు గంటల లోపుగ, దినము విడిచి దినము, అరచేతితో గాని మెత్తని గుడ్డతో గాని తలలను మృదువుగా రుద్దవలెను. ఒక తలనుండి అంటిన పుప్పొడి రెండవదానికి చేరును. ఆకర్షక పత్రములు విచ్చు సమయమున బోరాక్సు ద్రావణము చల్లిన గింజ మరింత నిండునని కూడ తెలిసినది. చేనిలో నడచుచు పూల ముఖములు తుడుచుట మొదట నవ్వు పుట్టించినను, దిగుబడి చూచిన రైతు దానిని మానలేదు.

రెండవ శత్రువు రామచిలుక. గింజ పాలుపోసికొను దశనుండి కోత వరకు చిలుకల గుంపులు తలలమీద వ్రాలి పప్పునంతయు వలిచి తినును. డబ్బాలు మ్రోగించుట, ఎఱ్ఱని మెరయు రిబ్బనులు కట్టుట, వడిసెలలు విసరుట అన్నియు జరిగినవి. ఈ పప్పు పచ్చిగనే తినదగినదనియు, పెంకు సులభముగ వలువవచ్చుననియు తెలుగునాట మొదట కనిపెట్టినది ఈ చిలుకలే యనవచ్చును.

ఫ్రాన్సులో లెక్లెర్ అను శాస్త్రజ్ఞుడు 1969లో మగవంధ్యత్వము గల మొక్కలను కనుగొన్న మీదట సంకర విత్తనములు సాధ్యమయ్యెను. 1980లో బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము భారతదేశపు మొదటి ప్రొద్దుతిరుగుడు సంకరమును, బి.ఎస్.హెచ్.-1ను, విడుదల చేసినది. సంకరములలో తాలు తగ్గెను. 1986లో కేంద్ర ప్రభుత్వము నూనెగింజల సాంకేతిక మిషన్ ప్రారంభించెను. 1993-94 ప్రాంతమునకు దేశములో ఈ పంట ఇరువది లక్షల హెక్టారులను దాటినది. పట్టణములలో డబ్బా వేరుసెనగ నూనె స్థానమున ‘సన్‌ఫ్లవర్’ అను ఇంగ్లీషు పేరుతోనే పొట్లపు నూనె వచ్చి కూర్చుండెను.

తగ్గుదలయు అంత వేగముగనే వచ్చినది. 1997లో కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతమున క్రొత్త తెగులు కనబడెను. ఆకు మాడి, కాడ మెలితిరిగి, తల విచ్చుకొనకుండనే మొక్క చచ్చెడిది. అది పొగాకు స్ట్రీక్ వైరసు వలన కలుగు నెక్రోసిస్. రోడ్డుల ప్రక్కన పెరుగు వయ్యారిభామ మొక్క ఆ వైరసుకు నిలయము. దాని పుప్పొడిని తామరపురుగులు పైరుమీదికి చేర్చును. 2000లో అదే వైరసు అనంతపురము జిల్లాలో వేరుసెనగను దెబ్బతీసెను. ఒకవైపు తెగులు, మరియొకవైపు దిగుమతి నూనెల వలన తగ్గిన ధర, నల్లరేగడిలో 2002 తరువాత బీటీ ప్రత్తి ఆకర్షణ, మొక్కజొన్నకు పెరిగిన గిరాకి, ఇవన్నియు కలిసి రైతును ఈ పంటకు దూరము చేసినవి. ఇటీవలి సంవత్సరములలో దేశమంతటను ఇది మూడు లక్షల హెక్టారులకు లోపుగనే యున్నది.

నూనె వాడకము మాత్రము తగ్గలేదు. దేశము సంవత్సరమునకు ఇరువది లక్షల టన్నులు, కొన్ని యేండ్లలో అంతకు చాల ఎక్కువ, ప్రొద్దుతిరుగుడు నూనె దిగుమతి చేసికొనుచున్నది. అందులో అధికభాగము నల్లసముద్రపు రేవులనుండి వచ్చునది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై యుద్ధము ఆరంభమైన కొలది దినములలోనే తెలుగు పట్టణములలో నూనె పొట్లము ధర ఎగబ్రాకినది. పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో బూరెల మూకుడు ఒడెస్సా రేవు మీద ఆధారపడియుండుట నల్లరేగడి నేల గల దేశమునకు గౌరవప్రదమైన సంగతి కాదు.

నూనెలో ఏమున్నది, గింజలో ఏమున్నది అనునది ఇక చూడవలసిన విషయము. నూరు గ్రాముల ఎండిన పప్పులో సుమారు 51 గ్రాముల క్రొవ్వు, 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు, 20 గ్రాముల పిండిపదార్థములు, అందులో 8 గ్రాములకు పైగా పీచు కలవు. మెగ్నీషియము 325 మిల్లీగ్రాములు, భాస్వరము 660, ఇనుము 5, జింకు 5 మిల్లీగ్రాములు. ‘ఇ’ విటమిను 35 మిల్లీగ్రాములు. థయామిను 1.5 మిల్లీగ్రాములు, మెకారిసన్ కాలపు బెరిబెరి ఈ థయామిను లోపము వలన వచ్చినదే. ఫోలిక్ ఆమ్లపు జాతి విటమిను సుమారు 227 మైక్రోగ్రాములు. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. గర్భిణులకు ఆ విటమిను ఎంత అవసరమో నేడు పల్లెలోని ఆరోగ్య కార్యకర్తకును తెలియును.

మిల్లులో ఈ గింజను నలిపి, పిండి, మిగిలిన చెక్కను హెక్సేన్ ద్రావణితో కడిగి నూనె తీయుదురు. పెంకునుండి వచ్చు మైనము నూనెను మసకగా చేయును గనుక దానిని చల్లబరచి వడకట్టుదురు. తరువాత జిగురు, రంగు, వాసన తొలగింతురు. ఇంత జరిగినను ‘ఇ’ విటమినులో చాలభాగము నూనెలో నిలుచును. మాంసకృత్తులు, మెగ్నీషియము, బి విటమినులు, పీచు మాత్రము చెక్కలో మిగిలి పశువుల దాణాకు పోవును. గేదెకు మంచి భాగమును పెట్టి, మనుష్యుడు క్రొవ్వును మాత్రము తాను ఉంచుకొన్నాడన్నమాట.

‘ఇ’ విటమిను కథ 1922లో మొదలైనది. ఈవన్స్, బిషప్ అను కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ఏదో ఒక క్రొవ్వులో కరగు వస్తువు లేనిదే ఎలుకలు పిల్లలను కనలేవని గ్రహించిరి. 1936లో గోధుమ మొలక నూనెనుండి దానిని వేరుచేసి, సంతానమును ఇచ్చునది యను అర్థము వచ్చునట్లు టొకొఫెరాల్ అని పేరు పెట్టిరి. జీవకణముల పొరలలోని క్రొవ్వు ఆమ్లజనితో కలిసి చెడకుండ కాపాడుట దీని పని. దీనిని చూచి, మాత్రలుగ మ్రింగినచో గుండెజబ్బు రాదని కొందరు ఆశపడిరి. వేలకొలది మందిపై జరిపి 2000లో ప్రకటించిన హోప్ పరిశోధనలో ఆ ఆశ నిలువలేదు. అందుచే ప్రొద్దుతిరుగుడు గింజ గుండెజబ్బుకు మందని చెప్పు ప్రకటనలు నమ్మదగినవి కావు. నెయ్యి, వనస్పతి వంటి గట్టి క్రొవ్వులకు బదులుగ లినోలియిక్ ఆమ్లము గల ఈ గింజను గాని, నూనెను గాని వాడినచో రక్తములోని చెడ్డ కొలెస్టరాల్ తగ్గుననుట మాత్రము అనేక పరిశోధనలలో తేలినది. బదులుగ అనునది ముఖ్యము. ఉన్న నేతికి తోడు గింజలు కూడ తిన్న, పొట్ట పెరుగును గాని మేలు జరుగదు.

ఇంకొక విశేషము. చలిదేశములో పండిన గింజలో లినోలియిక్ ఆమ్లము ఎక్కువ. వేడిలో ముదిరిన గింజలో అది తగ్గి ఒలియిక్ ఆమ్లము పెరుగును. వేసవిలో కోతకు వచ్చిన తెలుగునాటి గింజ ఈ విషయమున ఉక్రెయిన్ గింజకంటె వేరుగ నుండును. ఒలియిక్ ఆమ్లము ఎక్కువైన నూనె కాగినప్పుడు త్వరగా చెడదు. ఈ వివరము నూనె పొట్లముపై కానరాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో నూనెను మితముగ వాడి, కావలసిన క్రొవ్వును రకరకముల నూనెగింజలు, పప్పులు, చిరుధాన్యములనుండి పొందవలెనని చెప్పినది. నూనె పోసి వండుటకంటె గింజను తినుట మేలని దీని భావము. తెలుగువారికి ఇది క్రొత్త విద్య కాదు. నువ్వులపొడి, అవిసెగింజల పొడి, వేరుసెనగ పచ్చడి ప్రతి యింటను ఉన్నవే. ప్రొద్దుతిరుగుడు పప్పును సన్నసెగపై దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి చేర్చి దంచిన నువ్వులపొడి వలెనే యుండును. నందిగామ మెట్టలో పండు కందితో దీనికి మంచి పొత్తు కలదు. కందిలో లైసిన్ అను ఎమినో ఆమ్లము సమృద్ధిగా నుండి మిథియొనిన్ తక్కువ. ప్రొద్దుతిరుగుడులో లైసిన్ తక్కువ, మిథియొనిన్ ఎక్కువ. కందిపొడిలో మూడవవంతు ఈ పప్పు చేర్చినచో ఒకదాని లోటును మరియొకటి తీర్చును. వేడి యన్నములో ఆ పొడి కలుపుకొని నిమ్మరసము పిండుకొన్న, గింజలోని ఫైటిక్ ఆమ్లము పట్టియుంచు ఇనుము కొంత ఎక్కువగ ఒంట బట్టును.

ఎంత తినవలెననగా, పెద్దవానికి దినమునకు ఒక పిడికెడు, అనగా 30 గ్రాములు చాలును. అందులో సుమారు 175 కెలోరీలు, 10 మిల్లీగ్రాముల ‘ఇ’ విటమిను, దినమునకు కావలసిన మెగ్నీషియములో దాదాపు నాలుగవ వంతు లభించును. పొట్లములలో అమ్ము ఉప్పు పట్టించిన గింజ రక్తపుపోటు గలవారికి తగదు. ఈ మొక్క నేలలోని కాడ్మియము అను విషలోహమును పీల్చుకొను స్వభావము గలది గనుక, గుప్పెళ్ళకు గుప్పెళ్ళు తినుట మంచిది కాదు. నాలుగేండ్ల లోపు పిల్లలకు గింజలుగా గాక పొడిచేసి పెట్టవలెను, లేనిచో గొంతులో అడ్డుపడును. పెంకు తీసిన పప్పు గాలికి, వెలుతురుకు త్వరగా కారువాసన వచ్చును. పెంకుతోనున్నది నెలలతరబడి నిలువయుండును. అందుచే గాలి చొరని సీసాలో, చల్లనిచోట, నెలకు సరిపడునంతే పప్పు ఉంచుకొనుట మంచిది. ముక్కిన వాసన గాని, చేదు గాని తగిలినచో పారవేయవలెను.

ఈ పప్పుపిండిని జొన్నపిండితోగాని, గోధుమపిండితోగాని కలిపి సోడా వేసి కాల్చిన, లోపలి భాగము ఆకుపచ్చగా మారుట కలదు. గృహిణులు బూజుపట్టినదని భయపడి పారవేయుదురు. అది బూజు కాదు. పప్పులోనున్న క్లోరోజెనిక్ ఆమ్లము సోడాక్షారముతో కలిసి మాంసకృత్తులతో చర్య జరుపుటచే ఆ రంగు వచ్చును. తినుటకు దాని వలన హాని లేదు. సోడా తగ్గించి, ఒక చెంచా పెరుగు గాని, నిమ్మరసము గాని చేర్చిన ఆ రంగు రాదు.